జేబు లేని అంగీ

దసరా పొద్దుగూకేసరికి మా వాడలో నా అంగీ జేబు జమ్మి ఆకుతో నిండిపోయేది. మిగతా జనమంతా ఆ ఆకును ఒకరి అరచేతిలో ఒకరు పెట్టుకుని, బంగారం అనుకుని, దగ్గరికి లాక్కుని అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటారు. పెద్దవాళ్లకైతే చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. నాకు మాత్రం జేబులో వేస్తారు. ఎందుకంటే బంగారం పుచ్చుకోవలసిన కుడిచేయి నాకు మోచేతి కింద లేదు. జేబులో వెయ్యమని చెప్పింది కూడా నేనే. ఒకరిని అనడానికి లేదు, అదే నా మంట.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. వరంగల్లో మా వాడకు వస్తే ఇప్పటికీ నాలుగైదు ఇళ్లలో మగ్గం చప్పుడు వినిపిస్తుంది. నా చిన్నతనంలో వినిపించని ఇల్లే లేదు. పెద్ద జంపఖానా ఒక్క మనిషికి అందదు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమవైపు నేను, కుడివైపు నా దోస్తు. అంటే నా కుడిచేయి పొద్దంతా వాడి పక్కనే ఉండేది. నూలు కండె నా చేతిలోంచి వాడి చేతిలోకి, వాడి చేతిలోంచి నా చేతిలోకి వస్తూ పోతూ ఉండేది. వాడు ఎప్పుడు అలిసిపోయాడో వాడి మొహం చూడకుండానే నాకు తెలిసేది.

నా పెళ్లయిన మరుసటి ఏడు మగ్గాలకు పని తగ్గింది. ఇద్దరం ఊరి బయట ఒక దూది మిల్లులో పనికి కుదిరాం. దూది ఏకే మిషన్లో పీచు ఇరుక్కుంటే తీయబోయాను. పీచును నేను తీసే లోపు మిషన్ నా చెయ్యి తీసుకుంది. ఉరికొచ్చి స్విచ్చు బంద్ చేసింది నా దోస్తే. ఆ చేతికి తువ్వాలు చుట్టి, ఆటోలో నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయిందీ వాడే. ఆ రోజు గురించి మేమిద్దరం ఆ తర్వాత ఒక్క మాట కూడా అనుకోలేదు.

దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లు గోడ మీది క్యాలెండరు చూసేవాళ్లు, తిరుగుతున్న ఫ్యాను చూసేవాళ్లు, మగ్గం చూసేవాళ్లు. నా చెయ్యి తప్ప ఇంట్లో అన్నీ చూసేవాళ్లు. చాయ్ చల్లారిపోయేది. ఎవరూ తాగేవాళ్లు కాదు. నా భార్య ఆ గ్లాసులు అట్లాగే తీసుకుపోయి పారబోసేది. ఒకరోజు తొర్రూరు నుంచి మా చుట్టాలామె చిన్నపిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి మడత పెట్టి కుట్టిన చొక్కా చేతిని పట్టి లాగి, "మామా, నీ చెయ్యి యాడవాయె?" అని అడిగింది. తల్లి ఉరికొచ్చి పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. పిల్ల కింది పెదవి వణికింది. ఆ ఏడుపు ఆపడానికే అన్నాను నేను.

"చెయ్యా? రోజూ పని జేపిస్తానవని నా మీద అలిగి పుట్టింటికి పోయింది బిడ్డా. తోలుకరానీకి పోవాలె."

పిల్ల కిసుక్కున నవ్వింది. దాని వెనక తల్లి నవ్వింది. ఆ తర్వాత గదిలో కూర్చున్న వాళ్లందరూ నవ్వారు, మెడ మీది బరువు ఎవరో దింపినట్టు. ఆ రోజు అందరూ చాయ్ తాగారు. ఇంకో కప్పు పొయ్యమని కూడా అడిగారు. ఓహో, ఇదా దీని కిటుకు అనుకున్నాను.

ఆ తర్వాత మరి ఆగలేదు. బట్టల షాపులో కొలువు దొరికింది. గల్లాకు దగ్గరగా కూర్చుని వచ్చినవాళ్లకు రకాలు చెప్పి చూపించడం నా పని. నా చెయ్యి చూసి మాట తడబడిన ప్రతి గిరాకీకి, "అమ్మా, నా మూరతో కొలిస్తే మా సేటు నాలుగు మేడలు కడతడు, మీ అదృష్టం బాగుండి గజంబద్దతోనే కొలుస్తాండు" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు కొనేవాళ్లు. హనుమకొండలో ఏదో ఫంక్షన్‌కు పోతే ఎవరో పెద్దాయన షేక్‌హ్యాండ్‌కు చెయ్యి చాపి, చూసి, గుటక మింగి, ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక గాలిలో పట్టుకు నిలబడ్డాడు. నేను ఎడమచేత్తో అందుకుని, "దీనికి డబుల్ డ్యూటీ సారూ, జీతం మాత్రం ఒక్కటే" అన్నాను. పాపం, ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అట్లా ఎంతమంది ప్రాణాలు నిలబెట్టానో! నాకు చెయ్యి లేకపోవడం జనానికి ఎంత కష్టమో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నవ్వు నాలుగు విధాల చేటు అంటారు. ఆ నాలుగూ ఏవో చెప్పిన మహానుభావుడు లేడు. నాకు ఒకటి తెలుసు, అది చెబుతున్నాను.

చెయ్యి పోయాక వచ్చిన మొదటి దసరా. మా వాడ చివర బడి పక్కన ఖాళీ జాగాలో జమ్మి కొమ్మ నాటి పూజ చేస్తారు. అందరూ ఆకు తెంపుకుని పంచుకోవడం మొదలుపెట్టారు. నా ముందుకు వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆగిపోతున్నారు. ఆకు వేళ్ల మధ్య ఉంది, పెట్టే చోటు లేదు. నేను ఎడమచేయి చాపాను. మా ఎదురింటి ముసలవ్వ, నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, ఆకు పట్టుకుని నిలబడి కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఎడమ చేతుల బంగారం ఎట్ల పెట్టాలె బిడ్డా? మంచిగుండది గదా," అంది.

ఆమె తప్పు ఏమీ లేదు. నా బాగు కోరే అంది. కానీ చుట్టూ అందరూ గప్‌చుప్ అయిపోయారు. ఆమె వెనక నా దోస్తు తల వంచుకుని నిలబడ్డాడు. పండుగ పూట నా వల్ల ఇంతమంది మొహాలు మాడిపోతున్నాయని నాకు ప్రాణం చచ్చిపోయింది. వెంటనే అంగీ జేబు వేలితో తెరిచి పట్టాను.

"బంగారం చేతుల పట్టుకుని తిరిగేటోడు పిచ్చోడవ్వా! అసలే దొంగల కాలం. ఇగో, బీరువ తెరిచిన. ఇండ్ల వెయ్యి."

అంతే, జనం పగలబడి నవ్వారు. ముసలవ్వ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ వేసింది. ఆమె వెనక వరస కట్టి అందరూ వేశారు. నా దోస్తు కూడా వేశాడు. అందరికన్నా గట్టిగా వాడే నవ్వాడు. ఆ ఏటి నుంచి అది మా వాడ ఆచారమైపోయింది. "అన్నా, బీరువ తెరువు!" అని దూరం నుంచే కేకేసుకుంటూ వచ్చేవాళ్లు. కొత్త కోడళ్లకు, అద్దెకు దిగినవాళ్లకు కూడా ఎవరో ఒకరు ముందే చెప్పి పంపేవాళ్లు.

ఒక్క సంగతి మాత్రం నాకప్పుడు తట్టలేదు. చేతిలో ఆకు పెట్టినవాడు ఆ చెయ్యి పట్టుకుని మనిషిని దగ్గరికి లాక్కుంటాడు. జేబులో వేసినవాడు వేసి పక్కకు తప్పుకుంటాడు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినవాడు డబ్బాను కావలించుకుంటాడా? నేను కూడా అంతే అయ్యాను. నవ్వుతూ వచ్చారు, వేశారు, నవ్వుతూ పోయారు.

అది నాకు తట్టకపోవడానికి కారణం మా ఇంట్లో మనిషి. జేబు నింపుకుని నేను ఇంటికి రాగానే ఆమె గుమ్మంలోనే ఆపేది. "నీ బీరువ ఏషాలు వాడల చూపెట్టు, నా దగ్గర గాదు," అనేది. అంగీ చెయ్యి పైకి మడిచి, నా మొండి చేతి కొస మీద జమ్మి ఆకు పెట్టి, రెండు అరచేతులతో మూసి పట్టుకునేది.

"గట్టిగ పట్టుకో," అనేది.

"దేంతోని పట్టుకోవాలె?" అనేవాణ్ణి.

"నేను పట్టుకున్న గదా, సప్పుడు జెయ్యకు."

చలికాలం ఆ కొస తిమ్మిరెక్కేది. లేని వేళ్లు దురద పెట్టేవి. చెబితే నవ్వుతారు, కానీ నిజం. ఆమె నూనె కాచి రుద్దేది. అక్కడ ఒక నరం ఉంది. వేలు తగిలిందా, భుజం దాకా జివ్వుమని లాగుతుంది. ఆ నరం ఎక్కడుందో ఆమె వేళ్లకు తెలుసు. దాన్ని తప్పించి రుద్దేది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే అయినా ఇల్లు నిండుగా ఉండేది.

నాలుగేళ్ల కింద జ్వరంతో పోయింది. దినాల నాడు నీళ్లు వదలాలి. పంతులు నా చెయ్యి చూసి మంత్రం మధ్యలో ఆగాడు. కూర్చున్నవాళ్లందరూ నేల చూపులు చూశారు. అలవాటైపోయిన నోరు కదా, ఊరుకోలేదు. "కానియ్యి పంతులూ, నా ఎడమ చేతి వంటకే ముప్పై ఏండ్లు వంకలు పెట్టకుండ తిన్నది, నీళ్లకు పెడ్తదా?" అన్నాను. నలుగురు నవ్వారు. పంతులు కూడా ఊపిరి పీల్చుకుని మంత్రం అందుకున్నాడు. ఎంత గుండె ధైర్యం ఈయనకు అనుకుంటూ ఇళ్లకు పోయారు. నేను ఇంట్లోకి వచ్చి ఆమె చీరలున్న పెట్టె పక్కన కూర్చుని ఏడ్చాను. ఎవరూ తోడు ఉండలేదు. నవ్వించే మనిషికి తోడెందుకు?

ఆ ఏడు దసరాకు బయటికి పోవద్దనే అనుకున్నాను. పోకపోతే ఇంటికి వస్తారు, వచ్చి మళ్లీ ఫ్యాను చూస్తారు. అందుకని పోయాను. బీరువా తెరిచాను, నవ్వించాను, వచ్చాను. గుమ్మంలో ఆపేవాళ్లు లేరు. లోపలికి పోయి మంచం మీద జేబు బోర్లించాను. దుప్పటి మీద పచ్చగా ఆకు కుప్ప పడింది. వాడంతా నాకు బంగారం పెట్టింది. ఒక్కరి చెయ్యి కూడా నన్ను తాకలేదు. అప్పుడు తట్టింది నాకు ఆ సంగతి.

అప్పటి నుంచి చూడటం మొదలుపెట్టాను. నన్ను తాకేది ఎవరు? మంగలి షాపులో గడ్డం చేసే అతను. బస్సులో నెట్టుకునేవాళ్లు, అది లెక్కలోకి రాదు. దసరా వస్తే ఫోన్‌లో జమ్మి ఆకుల బొమ్మలు కుప్పలు తెప్పలుగా వస్తాయి, అవీ రావు. చలికాలం చేతి కొస దురద పెడితే ద్వారబంధానికి రాసుకుంటాను, బర్రె గోడకు రాసుకున్నట్టు. ఎవరికైనా చెబుదామంటే నా మాట నమ్మేవాడు ఏడీ?

ఒకసారి నా దోస్తుతో చెప్పి చూశాను. వాడు మగ్గం ఎప్పుడో మానేసినా వాడ మానలేదు. పొద్దున హోటల్లో ఇద్దరం చాయ్ తాగుతున్నాం. "ఇల్లు బోసిపోయిందిరా. వండుకుంటాన్న గని తినబుద్ధి అయితలేదు," అన్నాను. వాడు చాయ్ గ్లాసు పట్టుకుని, నవ్వడానికి మొహం సిద్ధం చేసుకుని నా వైపు చూస్తున్నాడు.

"తర్వాత?" అన్నాడు.

జోకు రెండో సగం కోసం చూస్తున్నాడు వాడు! నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఏం చెయ్యను, అంత ఆశగా చూస్తుంటే. "తర్వాతేమున్నది, పక్కింటి పిల్లి తిని బలుస్తాంది," అన్నాను. వాడు గ్లాసు ఒలికేంతగా నవ్వాడు. లేచి నా వీపు మీద కొట్టబోయాడు, చెయ్యి మధ్యలో ఆపి బెంచీ మీద కొట్టాడు. ఇంటికొచ్చి పిల్లికే పెట్టాను ఆ రోజు అన్నం.

ఈ ఏడు దసరాకు ముందు మా షాపులోనే గీతల బట్ట తీసుకుని మా వాడ టైలర్‌కు ఇచ్చాను. పొట్టి చేతులు పెట్టమన్నాను, మడత పెట్టి కుట్టేది లేదన్నాను. జేబు వద్దన్నాను.

"జేబు లేకుంటె ఎట్లనే అన్నా? దసరనాడు బంగారం యాడ వేసుకుంటవ్?" అన్నాడు టైలర్.

"వద్దంటె వద్దు. నువ్వు కుట్టు."

"కొత్త జోకా ఏంది?" అని కన్ను కొట్టాడు.

జోకు కాదు. నాకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ ఆకు నా మొండి చేతి మీద పెట్టి పట్టుకోవాలి. అడగను. నవ్వించను. చెయ్యి చాపి ఊరికే నిలబడతాను. ఎవరూ పట్టుకోలేదా, వచ్చే ఏటి నుంచి దసరాకు తలుపు గడియ పెట్టుకుని ఇంట్లోనే పడి ఉంటాను, ఒట్టు. ఫ్యాను చూసేవాళ్లు కూడా రానక్కర్లేదు.

సాయంత్రం జమ్మి దగ్గర డప్పులు మోగుతున్నాయి. పూజ అయింది. ఎదురింట్లో అద్దెకుండే పెళ్లికొడుకులా ముస్తాబైన కుర్రాడు, ఏదో కంపెనీలో ఉద్యోగం, అందరికన్నా ముందు ఉరికొచ్చాడు.

"కాకా, బీరువ తెరువు!"

అతని వేళ్లు నా ఛాతీ దాకా వచ్చి గీతల బట్ట మీద జేబు కోసం తడుముకున్నాయి. "జేబేది కాకా?"

"కుట్టియ్యలేదు," అన్నాను.

అతను నవ్వడానికి నోరు తెరిచి ఆగాడు. రెండో సగం కోసం ఆగాడు. నా నాలుక కొసకు నాలుగు జోకులు వచ్చి కూర్చున్నాయి. బీరువా ఈడీ వాళ్లు జప్తు చేశారని అంటే చాలు, జనం పడి పడి నవ్వుతారు. పళ్లు బిగబట్టి, మొండి చెయ్యి ముందుకు చాపాను. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆకును గబుక్కున నా ఎడమచేతిలో కుక్కి, "హ్యాపీ దసరా కాకా," అని గుంపులో కలిసిపోయాడు.

తర్వాత వచ్చినామె ఆకును నా గుండీల మధ్య గుచ్చి పోయింది. ఒకాయన దగ్గర దాకా వచ్చి, ఎవరో పిలిచినట్టు అటు తిరిగాడు. "అన్నకు ఇయ్యాల పానం బాగ లేనట్టున్నది," అని ఎవరో అంటున్నారు. నా చుట్టూ జాగా ఖాళీ అయిపోయింది. ఆవల అందరూ అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటున్నారు. వీపుల మీద అరచేతులు పడే చప్పుడు డప్పుల మధ్య కూడా నాకు వినిపిస్తోంది. చాపిన చెయ్యి భుజం దగ్గర లాగుతోంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లు మీ మొహాలు కాపాడాను కదరా, ఒక్కపూట నా మొహం చూడలేరా? చీ, దండగ మనుషులు. ఇంటికి పోదామని చెయ్యి దించబోయాను.

అప్పుడొచ్చాడు నా దోస్తు. ఈ మధ్య వాడికి మోకాళ్లు సరిగా లేవు, నెమ్మదిగా వస్తాడు. నవ్వుతూనే వచ్చాడు. ఆకు పట్టుకున్న చెయ్యి అలవాటుగా నా జేబు చోటికి వచ్చి ఆగింది.

"ఏందిరా, జేబు యాడవాయె?"

"లేదు."

"మరి బంగారం యాడ పెట్టాలె?"

"ఈడ," అని చెయ్యి చూపించాను.

వాడు చెయ్యి వెనక్కి గుంజుకున్నాడు. మొహంలో నవ్వు పోయింది. "మజాక్ చేస్తానవా?" అన్నాడు.

"లేదురా. మజాక్ కాదు."

వాడు అట్లాగే నిలబడ్డాడు. ఆకును వేళ్ల మధ్య నలుపుతున్నాడు. నేను సాయం చెయ్యలేదు. నా దోస్తు నా ముందు ఇబ్బంది పడుతుంటే జీవితంలో మొదటిసారి చూస్తూ ఊరుకున్నాను.

"నొస్తదేమోరా," అన్నాడు చివరికి.

"ఏంది?"

"ముట్టుకుంటె నొస్తదేమోనని. ఆ దినం ఆటోల తువ్వాల గట్టి పట్టుకున్నది నేనే గదరా. నువ్వు ఒర్రిన ఒర్రుడు నాకు ఇంక ఇనవడ్తనే ఉన్నది. నువ్వేమో నవ్వుతవు. నువ్వు నవ్వితె నేను గూడ నవ్విన. మళ్ల ముట్టుకోవాలంటె భయమైతది నాకు."

ఇన్నేళ్లు వాడు అందరికన్నా గట్టిగా నవ్వింది ఆ కేక వినపడకుండానా! నేను చెయ్యి దించలేదు. వాడు నలిగిన ఆకును నా చేతి కొస మీద పెట్టాడు. అది జారిపోబోయింది. పడకుండా రెండు చేతులతో మూసి పట్టుకున్నాడు. మగ్గం మానేసి ఎన్నేళ్లయినా వాడి అరచేతులు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. భయం మీద పట్టుకున్నాడేమో, కండె పట్టినంత బిగువుగా పట్టుకున్నాడు. నా భార్య వేళ్లు తప్పించే చోటు వాడికేం తెలుసు? బొటనవేలు సరిగ్గా పోయి ఆ నరం మీదే పడింది. భుజం దాకా జివ్వుమంది. నా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

వాడు చూశాడు. "నొస్తాందారా?" అన్నాడు.

"నొస్తాంది," అన్నాను. "విడువకు."

"తర్వాత?" అని వాడు ఎదురు చూడలేదు.